కనీస వేతనం పెరిగిన రోజే కేర్ గంటలు ఎందుకు తగ్గాలి?

కనీస వేతనం పెరిగిందని వార్త వచ్చినప్పుడల్లా వికలాంగులు ఉన్న ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. మా ఇంట్లోనూ అంతే. మా అన్నయ్యకి పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. మాట రాదు, తనంతట తాను లేవలేడు, పక్కకి ఒత్తిగిల్లాలన్నా ఎవరో ఒకరు పట్టాలి. అలా పట్టే మనిషికి జీతం పెరిగితే మాకు నిజంగానే సంతోషం, ఆ పని ఎంత కష్టమో కళ్లారా చూస్తున్నవాళ్లం కాబట్టి. కానీ ఆ వెంటనే టెన్షన్. ఈ సాయం కోసం ప్రభుత్వం అన్నయ్యకి మంజూరు చేసిన డబ్బు కూడా పెరుగుతుందా? పెరగకపోతే ఈసారి ఏ గంటలు పోతాయి, పొద్దుటివా, సాయంత్రానివా?

మంచి వార్త విని భయపడాల్సి రావడం అన్యాయం. పైగా ఇది ఎవరూ ఏమీ చేయలేని సంగతి కాదు. డబ్బిచ్చే పద్ధతిలో ఉన్న లోపం, తలుచుకుంటే సరిచేయగలిగిన లోపం.

మామూలు వ్యాపారంలో కూలి పెరిగితే యజమానికి దారులుంటాయి. సరుకు ధర పెంచుకోవచ్చు, ఇద్దరి పని ఒక మెషీన్‌తో చేయించుకోవచ్చు, లాభం కొంత వదులుకోవచ్చు. వికలాంగుల కేర్‌లో, అంటే ఇలా మనిషి దగ్గరుండి చేసే సాయంలో, ఈ దారులు దాదాపు మూసుకుపోయి ఉంటాయి. ఎందుకంటే ఈ సేవని కొనేది చాలా దేశాల్లో ప్రభుత్వమే, గంటకి ఇంత అని రేటు కట్టేదీ ప్రభుత్వమే. ఆ రేటు మీద అదనంగా వసూలు చేసే హక్కు, కేర్ మనుషుల్ని పంపే సంస్థకి చాలాచోట్ల ఉండదు, ఉన్నా కట్టుకునే స్తోమత మాలాంటివాళ్లకి ఉండదు. కనీస వేతనం ఎంతో తేల్చేది కూడా ప్రభుత్వమే, లేదా అది వేసిన కమిషన్. అంటే ఒక చేత్తో ఖర్చు పెంచి, ఆ ఖర్చుకి డబ్బిచ్చే రెండో చేతిని జేబులోనే ఉంచుకోవడం. ఒక శాఖ జీతాలు పెంచామని చెప్పుకుని చప్పట్లు కొట్టించుకుంటుంది, ఇంకో శాఖ అదే వారంలో నిధులు లేవు సర్దుకోండి అంటుంది. సర్దుకునేది ఎవరు? మా అన్నయ్య, ఆయన దగ్గరికి వచ్చే కేర్ వర్కర్.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. వేతనం పెంచే నిర్ణయం, కేర్ రేటు పెంచే నిర్ణయం వేర్వేరుగా ఉండకూడదు. ఒకటి జరిగితే రెండోది అదే తేదీ నుంచి, రాసిపెట్టిన లెక్క ప్రకారం, చట్టబద్ధంగా జరగాలి. ఎవరో దయతలచి, బడ్జెట్ మిగిలితే ఇచ్చేదిగా ఉండకూడదు.

లెక్క చూద్దాం. ఒక గంట కేర్‌కి ప్రభుత్వం 100 ఇస్తోంది అనుకోండి. ఇది మనుషులతో నడిచే పని కాబట్టి అందులో పెద్ద భాగం మనిషికే పోతుంది. 75 అనుకుందాం: జీతం, సెలవు జీతం, యజమాని కట్టాల్సిన పింఛను వాటా, పన్ను వాటా అన్నీ కలిపి. మిగతా 25 లో ట్రైనింగ్, ఇన్సూరెన్స్, డ్యూటీలు వేసే మనిషి, ఆఫీసు, ప్రయాణం. ఇప్పుడు కనీస వేతనం 6 శాతం పెరిగింది. 75 కాస్తా 79.5 అయింది. మిగతా ఖర్చులు 2 శాతమే పెరిగాయనుకున్నా 25.5. మొత్తం 105. రేటు మాత్రం 2 శాతం పెంచి 102 ఇచ్చారు. గంటకి 3 తక్కువ. మూడే కదా అనిపిస్తుంది, కానీ చారిటీ లాగా నడిచే చాలా సంస్థల చేతిలో మిగిలేదే ఆ రెండు మూడు. మొదటి ఏడాది మిగులు పోతుంది, రెండో ఏడాది ట్రైనింగ్ పోతుంది, ఆ తర్వాత ఇళ్లు వదిలేయడం మొదలవుతుంది. అదీ ముందు ఎవరి ఇల్లు? ఎక్కువ సాయం కావాల్సిన మనిషి ఇల్లు. రాత్రి డ్యూటీ ఉన్న ఇల్లు, ఇద్దరు కలిసి ఎత్తాల్సిన మనిషి ఉన్న ఇల్లు.

అదే డబ్బు కుటుంబం చేతికిచ్చి మీరే మనిషిని పెట్టుకోండి అనే పద్ధతిలో అయితే దెబ్బ ఇంకా నేరుగా తగులుతుంది. వారానికి 30 గంటలకి సరిపడా డబ్బు మంజూరైందనుకోండి. ఖర్చు 105 అయి డబ్బు 102 లెక్కన వస్తే ఆ డబ్బుకి 29 గంటల చిల్లర వస్తాయి. ఇదే నిష్పత్తిలో ఐదేళ్లు జరిగితే 26. ఎవరూ కోత పెట్టలేదు. ఏ కాగితం మీదా తగ్గింపు అన్న మాట లేదు. పైగా ప్రతి ఏడూ 2 శాతం పెంచాం అని ఘనంగా రాసి ఉంటుంది. అయినా వారంలో నాలుగు గంటలు మాయమయ్యాయి. నాలుగు గంటలంటే రెండు స్నానాలు కావచ్చు, వారానికి ఒక్కసారి బయటికెళ్లి జనాన్ని చూసొచ్చే ఆ ఒక్క పూట కావచ్చు. మా ఇంట్లో ముందు పోయింది ఆ బయటికెళ్లే పూటే. తిండి, స్నానం, మందులు ఆపలేం కదా, ఆగేది ఎప్పుడూ అదే.

ఈ పద్ధతిలో ఇంకో కష్టం ఉంది, బయటివాళ్లకి తట్టదు. మంచం మీద ఉన్న మనిషే చట్టం దృష్టిలో యజమాని అవుతాడు. కనీస వేతనం కంటే ఒక్క పైసా తక్కువ ఇస్తే చట్టం తప్పినవాడు ఆయనే. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు చాలక తక్కువ ఇచ్చినా సరే. తక్కువిచ్చిన ప్రభుత్వానికి ఏమీ కాదు.

ఇక సంస్థల దగ్గరికొస్తే, ఆ కోత కనిపించకుండా ఎలా జరుగుతుందో చూడండి. ఒక కేర్ వర్కర్ పొద్దున నాలుగు ఇళ్లకి వెళ్తుంది. ఇంటింటికీ మధ్య బస్సులోనో బండి మీదో పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ ప్రయాణం పనిలో భాగమే కదా? బ్రిటన్‌లో అయితే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయాన్ని కనీస వేతనం చట్టం పని కిందే లెక్కేస్తుంది. కానీ రేటు కట్టే చాలా కాంట్రాక్టుల్లో డబ్బు ఇంట్లో అడుగు పెట్టిన నిమిషం నుంచి గడప దాటిన నిమిషం దాకానే. ఆ తేడా కాగితం మీద గంట రేటులోనే కలిసి ఉంది అంటారు. రేటు చాలనప్పుడు అది ఎక్కడా కలిసి ఉండదు, ఆమె చెప్పుల అరుగుదలలో కలిసి ఉంటుంది. గడియారం చూసుకుంటూ పని చేయాలి. పదిహేను నిమిషాల విజిట్‌లో మనిషిని లేపి, శుభ్రం చేసి, బట్టలు మార్చి, తినిపించి, రాసి సంతకం పెట్టి వెళ్లాలి. మా అన్నయ్యకి ఒక్క తినిపించడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది, తొందర పెడితే పొలమారుతుంది. పొలమారితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ తర్వాత ఆసుపత్రి.

రాత్రి డ్యూటీ సంగతి ఇంకా పెద్దది. బ్రిటన్‌లో మెన్‌క్యాప్ అనే చారిటీ మీద ఒక సపోర్ట్ వర్కర్ వేసిన కేసు ఈ విషయంలో అందరూ చదవాల్సింది. ఇద్దరు మేధో వైకల్యం ఉన్న మగవాళ్ల ఇంట్లో ఆమె రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా ఉండేది. నిద్రపోవచ్చు, కానీ ఒక చెవి వేసి ఉంచాలి, అవసరమైతే లేవాలి. ఆ రాత్రికంతా కలిపి ఆమెకిచ్చింది 29.05 పౌండ్లు. అప్పటి కనీస వేతనం గంటకి 6.70. తొమ్మిది గంటలకి లెక్కేస్తే 60 పైనే రావాలి. 2016లో ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పిచ్చింది, పై ట్రిబ్యునల్ కూడా. 2018లో అప్పీల్ కోర్టు దాన్ని తిరగరాసింది, 2021 మార్చిలో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది: నిద్రపోవడానికి వీలున్న సమయానికి కనీస వేతనం వర్తించదు, లేచి పనిచేసిన సమయానికే వర్తిస్తుంది అని. పదహారు నెలల్లో ఆమె లేవాల్సి వచ్చింది ఆరుసార్లేనని రికార్డులో ఉంది.

ఆ అంకె చూసి, ఆరుసార్లేగా అనేవాళ్లు ఉంటారు. అన్నయ్యకి రాత్రి ఫిట్స్ వచ్చిన ఇంట్లో పుట్టిన నాకు అలా అనిపించదు. లేవాల్సి వస్తుందేమో అని పడుకునే నిద్ర నిద్ర కాదు. తన ఇంట్లో, తన పిల్లల దగ్గర ఆ రాత్రి ఆమె లేదు. అయితే ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది తీర్పు కాదు, ఎవరు ఎవరి మీద పోట్లాడాల్సి వచ్చిందో అది. వాది ఒక కార్మికురాలు. ప్రతివాది వికలాంగుల కోసమే పనిచేసే ఒక చారిటీ. ఆమె గెలిచి ఉంటే ఆరేళ్ల దాకా వెనక్కి వెళ్లి బకాయిలు కట్టాల్సి వచ్చేది, ఆ భారం కింద ఎన్ని సంస్థలు మూతపడేవో. ఆమె ఓడిపోయింది కాబట్టి సంస్థలు బతికాయి, కార్మికులు నష్టపోయారు. రాత్రికి ఇంత అని రేటు తేల్చి డబ్బు కట్టే ప్రభుత్వం ప్రతివాది స్థానంలో లేనే లేదు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు, అసలు జవాబు చెప్పాల్సిన వాళ్లు బయట కూర్చున్నారు.

అందుకే జీతాలా, కేర్ గంటలా, ఏది కావాలో తేల్చుకోండి అని ఎవరైనా అడిగితే నేను ఆ ప్రశ్నే ఒప్పుకోను. కనీస వేతనం పెరిగిన ప్రతిసారీ కొన్ని సంస్థల సంఘాలు, ఇలాగైతే మూసేసుకోవాలి అని ప్రకటనలు ఇస్తాయి. వాళ్లు చెప్పే లెక్క తప్పు కాదు, కానీ వేలెత్తి చూపించే వైపు తప్పు. చాలా దేశాల్లో ఈ పని చేసేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, అందులో వలస వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లకి కనీసం చట్టం చెప్పిన కూలి దక్కడం అన్నయ్య గంటలకి అడ్డు అని నన్ను నమ్మమంటారా? అలా నమ్మితే రేపు పొద్దున తలుపు తీసి, అన్నయ్య దగ్గరికొచ్చే ఆమె మొహం ఎలా చూస్తాను?

ఒకరోజు ఆమే నాతో అంది, "అక్కా, గంటకి పెంచారు, మంచిదే. కానీ నాకు వారంలో రెండు పూటలు తీసేశారు. చేతికొచ్చేది పోయిన ఏడాదంతే." అన్నయ్యకి తగ్గిన గంటలు, ఆమెకి తగ్గిన పూటలు ఒకటే గంటలు. రెండు వైపుల నుంచీ ఒకే దెబ్బ.

కనీస వేతనానికి సరిపడా రేటు పెంచితే సరిపోతుందా అంటే అదీ చాలదు. ఇది చాలా మంది వదిలేసే సంగతి కాబట్టి కాస్త ఆగుతాను. అన్నయ్య ఔను అనడానికి కళ్లు పైకెత్తుతాడు. వద్దు అనడానికి కళ్లు గట్టిగా మూసుకుంటాడు. కానీ నొప్పి వచ్చినా కళ్లు గట్టిగానే మూసుకుంటాడు. ఆ రెండిటికీ తేడా నుదుటి మీద ఉంటుంది, నొప్పి అయితే కుడి కనుబొమ మీద చిన్న ముడత పడుతుంది, అంతే. ఆమెకి అది పట్టుబడటానికి నెలలు పట్టింది. ఆమె లేని రోజుల్లో వచ్చిన కొత్త మనిషి ఒక మధ్యాహ్నమంతా, నీళ్లు వద్దంటున్నాడు అని గ్లాసు పక్కన పెట్టి కూర్చుంది, మంచి మనిషే, శ్రద్ధగానే ఉంది. అన్నయ్యకి తుంటి పట్టేసి ఉంది. చెప్పుకోలేక అలా కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఆ ముడత చదవగలగడానికి విలువ ఎంత? ఇప్పటి పద్ధతిలో దాదాపు సున్నా. అట్టడుగు జీతం పెరుగుతూ పోతుంది, పైమెట్లకి డబ్బు ఇవ్వరు కాబట్టి ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి, నిన్న చేరిన మనిషికి మధ్య తేడా చిల్లరకి పడిపోతుంది. ట్యూబ్ ద్వారా ఆహారం ఇవ్వడం, మనిషిని ఎత్తే మెషీన్ వాడటం, ఫిట్స్ వస్తే ఏ మందు ఎప్పుడు వేయాలో తెలియడం, ఇవన్నీ నేర్చుకున్న మనిషికి సూపర్‌మార్కెట్‌లో సామాను సర్దే పనికి వచ్చేంతే వస్తుంటే ఎందుకుంటుంది? అక్కడ రాత్రి నిద్ర ఉంటుంది, నడుం నొప్పి ఉండదు. వెళ్లిపోయినందుకు ఆమెని ఒక్క మాట అనలేం. ఆమె వెళ్లాక సంస్థ ఏజెన్సీ నుంచి మనుషుల్ని తెస్తుంది, అది ఇంకా ఖరీదు. కాబట్టి పెంచాల్సింది అడుగు మెట్టు ఒక్కటే కాదు, మెట్ల మధ్య దూరం కూడా చెదరకుండా నిచ్చెన మొత్తం లేవాలి, దానికి సరిపడా రేటు రావాలి.

న్యూజిలాండ్ కథ ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. క్రిస్టీన్ బార్ట్‌లెట్ అనే కేర్ వర్కర్ 2012లో కేసు వేసింది, ఇది ఆడవాళ్లు చేసే పని కాబట్టే ఇంత తక్కువ జీతం అని. కోర్టులు ఆమె వాదనకి దారిచ్చాయి. చివరికి ప్రభుత్వం, యూనియన్లు, సంస్థలు కూర్చుని ఒప్పందానికి వచ్చి 2017లో చట్టం చేశారు. 55,000 మంది కేర్ వర్కర్లు, వృద్ధుల కేంద్రాల్లో, ఇళ్లలో, వికలాంగుల సేవల్లో పనిచేసేవాళ్లు. ఐదేళ్లలో 200 కోట్ల డాలర్లు. ముఖ్యమైన సంగతి, ఆ డబ్బు ప్రభుత్వమే ఇచ్చింది, సంస్థల్ని మీరే చూసుకోండి అనలేదు. అప్పటి కనీస వేతనం గంటకి 15.75 డాలర్లు, ఒప్పందంలో మొదటి మెట్టు 19. చదువు, అనుభవాన్ని బట్టి పైకి మెట్లు. చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, ఇలా కూడా చేయొచ్చన్నమాట అని.

కానీ ఆ మెట్లు స్థిరమైన అంకెలుగా రాశారు. కనీస వేతనం పెరిగితే అవీ పెరగాలి అన్న లంకె పెట్టలేదు. మధ్యలో మెట్లు కొంత పెంచినా కనీస వేతనం అంతకంటే వేగంగా నడిచింది, 2023 ఏప్రిల్‌కి అదే 22.70 అయింది. ఎంతో పోరాడి సంపాదించిన ఆ దూరం చాలా వరకు కరిగిపోయింది. 2023 చివరికి చట్టం గడువే తీరిపోయింది. మళ్లీ లెక్క సరిచేయమని కొత్త క్లెయిమ్ నడుస్తుండగా 2025 మేలో ప్రభుత్వం హడావుడిగా చట్టం మార్చి అప్పటికి నడుస్తున్న 33 సమాన వేతన క్లెయిములు ఆపేసింది, కేర్ వర్కర్లది కూడా అందులోనే పోయింది. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం గొప్పే, కానీ ఏటేటా దానంతట అదే కదిలే లెక్క లేకపోతే అది ఐదారేళ్లకి ఆవిరైపోతుంది.

ఆస్ట్రేలియాలో ఆ లంకె కొంతవరకు ఉంది. అక్కడి జాతీయ వైకల్య బీమా పథకం, ఎన్‌డీఐఎస్, గంటకి ఇంతకు మించి వసూలు చేయకూడదు అని ధరల పరిమితి పెడుతుంది. ఆ పరిమితిని ఒక ఖర్చుల నమూనా మీద కడతారు: ఈ పని చేసేవాళ్లకి వేతన కమిషన్ కట్టిన కనీస జీతం ఎంత, సెలవులు ఎంత, పింఛను వాటా ఎంత అని. అక్కడి వేతన కమిషన్ జూలై 1 నుంచి పెంచితే ఈ పరిమితి కూడా జూలై 1 నుంచే మారుతుంది. మామూలు రోజు పగటి వేళ ఒక గంట సహాయానికి 2024 జూలైలో 67.56 డాలర్లుగా ఉన్నది 2025 జూలైలో 70.23 అయింది. ఆ ఏడాది వేతనాలు 3.5 శాతం పెరిగాయి, యజమాని కట్టే పింఛను వాటా 11.5 నుంచి 12 శాతానికి వెళ్లింది. రెండూ కలిపి చూస్తే రేటు పెరిగింది దాదాపు అంతే, 4 శాతానికి కాస్త తక్కువ. అక్కడ అన్నీ బాగున్నాయని అనను. ఆ నమూనాలో ట్రైనింగ్‌కి, పర్యవేక్షణకి వదిలింది చాలదని సంస్థలు గోల పెడుతూనే ఉన్నాయి, పథకం మొత్తం ఖర్చు పెరుగుదలని 8 శాతానికి దించుతామని 2023లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది, దాని సెగ వికలాంగులకి తగులుతోంది. అయినా ఒక్కటి మాత్రం అక్కడ అసాధ్యం అనేవాళ్లకి జవాబు: జీతం పెరిగిన తేదీనే రేటు పెరగడం జరిగే పనే, ఏటా జరుగుతోంది.

దీనికి ఎదురుగా బ్రిటన్‌ని చూడండి. 2016 ఏప్రిల్‌లో పాతికేళ్లు నిండినవారికి గంటకి 7.20 పౌండ్లుగా మొదలైన జాతీయ జీవన వేతనం (అక్కడ పెద్దవాళ్ల కనీస వేతనానికి పెట్టిన పేరు) 2025 ఏప్రిల్‌కి 12.21 అయింది, దాదాపు 70 శాతం. పెరగాల్సిందే, నాకు సంతోషమే. అదే 2025 ఏప్రిల్‌లో జీతాల మీద యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ అనే పన్ను వాటాని 13.8 నుంచి 15 శాతానికి పెంచారు, ఏడాదికి 9,100 పౌండ్లు దాటాక కట్టాల్సింది 5,000 దాటితే కట్టాలన్నారు. కేర్ వర్కర్లలో చాలామంది తక్కువ జీతం, పార్ట్‌టైమ్ కాబట్టి ఆ రెండోదే ఎక్కువ కొరికింది. ప్రభుత్వ రంగానికి ఆ భారం పూడ్చడానికి డబ్బు పక్కన పెట్టారు. ప్రభుత్వం పనే కాంట్రాక్టు మీద చేసి పెడుతున్న చారిటీలకి, కేర్ సంస్థలకి పూడ్చలేదు. ఆసుపత్రిలో చేస్తే ప్రజాసేవ, ఇంటికొచ్చి చేస్తే వ్యాపారమా?

రేటు పెంచితే ఆ డబ్బు కార్మికుల దాకా చేరుతుందని గ్యారంటీ ఏంటి అని యూనియన్లు అడుగుతాయి. సరైన ప్రశ్న. పెట్టుబడి కంపెనీలు కొనేసిన పెద్ద సంస్థలు అప్పుల వడ్డీలకి, డివిడెండ్లకి ఎంత పంపిస్తున్నాయో చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పెంచిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలన్న షరతు ఉండాల్సిందే. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో మెడికెయిడ్ కింద, అంటే పేదలకి, వికలాంగులకి ఉన్న ప్రభుత్వ వైద్య పథకం కింద, ఒక నిబంధన తెచ్చారు: ఇంటికి వచ్చి చేసే కొన్ని సేవలకి ఇచ్చే డబ్బులో కనీసం 80 శాతం ఆ పని చేసే మనుషుల జీతభత్యాలకే పోవాలి, దానికి రాష్ట్రాలకి ఆరేళ్ల గడువు. ఆ ఆలోచన నాకు నచ్చింది, ఒక్క జాగ్రత్తతో. రేటే చాలనప్పుడు అందులో 80 శాతం అని గీత గీస్తే చిన్న సంస్థ పర్యవేక్షణ, ట్రైనింగ్ తీసేసి గీత దాటుతుంది, పెద్దది లెక్కలు మార్చి దాటుతుంది. ముందు రేటు సరిగ్గా కట్టాలి, తర్వాత గీత గీయాలి. రెండోది మొదటిదానికి సాకు కాకూడదు.

ఇక అందరూ అడిగేది, డబ్బెక్కడిది? దీనికి నేను తప్పించుకోను. కేర్ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, ఏ ప్రభుత్వం వచ్చినా. విలియం బౌమోల్ అనే ఆర్థికవేత్త 1960ల్లో చెప్పింది ఇదే: నలుగురు వాద్యకారులు కలిసి వాయించే కచేరీకి రెండు వందల ఏళ్ల క్రితం ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే కావాలి, కానీ మిగతా రంగాల్లో మెషీన్లతో ఉత్పత్తి, జీతాలు పెరుగుతాయి కాబట్టి వాళ్ల జీతాలూ పెరగాలి, లేదంటే వాయించేవాళ్లే ఉండరు. కేర్ కూడా అంతే. అన్నయ్యకి తినిపించడం సగం టైములో అయ్యే టెక్నాలజీ ఏదీ రాదు, రాకూడదు కూడా. కాబట్టి సామర్థ్యం పెంచుకోండి అని ఏటా కొంత కోసేవాళ్లు ఈ పని ఏంటో తెలియక కోస్తున్నారు. అదే ఆర్థికవేత్త ఇంకో మాట కూడా అన్నాడు, మిగతా రంగాల్లో ఉత్పాదకత పెరుగుతోంది కాబట్టే సమాజం మొత్తం మీద ఈ ఖర్చుని భరించగలదు అని. చౌకైపోయిన వాటిలో మిగిలిన డబ్బు ఇటు మళ్లించాలి, అది పన్నుల ద్వారానే జరుగుతుంది. పన్ను అనే మాట అనడానికి రాజకీయ నాయకులకి భయం. నేను అంటాను: పెంచండి, మేమూ కడతాం.

పైగా ఇవ్వని డబ్బు మిగిలిపోతోందా? లేదు, వేరే చోట కడుతున్నాం. పోయిన గంటలన్నీ మా అమ్మ చేసింది. ఆ వయసులో అన్నయ్యని ఎత్తీ ఎత్తీ నడుం పోయింది. నేను ఉద్యోగంలో ప్రమోషన్ వద్దన్నాను, ఊళ్లు తిరగాల్సి వస్తుందని. ఇవి ఏ బడ్జెట్‌లోనూ కనపడవు. జీతం లేని కేర్, కట్టని పన్ను, ఆలస్యంగా చూసిన పుండు ఆసుపత్రి బిల్లు అవ్వడం, ఇవన్నీ కలిపి లెక్కేసి అప్పుడు ఖరీదు అనమనండి. పైగా కార్మికులకి ఇచ్చే జీతంలో కొంత పన్నుగా వెనక్కి వస్తుంది, తక్కువ జీతం కాబట్టి ఇవ్వాల్సిన సంక్షేమ సాయం తగ్గుతుంది. ఆ వెనక్కి వచ్చేదాన్ని లెక్కలో వేసుకోకుండా మొత్తం ఖర్చు ఒక్కటే చూపించడం న్యాయమైన లెక్క కాదు.

2006లో ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒప్పందం చేసింది. అందులో 19వ అధికరణం, వికలాంగులు ఎక్కడ ఎవరితో ఉండాలో వాళ్లే ఎంచుకునే హక్కు ఉండాలని, దానికి కావాల్సిన వ్యక్తిగత సహాయం అందాలని చెబుతుంది. సంతకాలు పెట్టిన దేశాలు చాలానే ఉన్నాయి. సంతకం పెట్టాక ఆ సహాయం చేసే మనిషి జీతం పెరిగితే హక్కులోని గంటలు తగ్గుతాయి అంటే, అది హక్కు ఎలా అవుతుంది? అందుకే మంజూరు ఎప్పుడూ గంటల్లో ఉండాలి, డబ్బు మొత్తంలో కాదు. వారానికి 30 గంటలు అవసరం అని తేల్చారా, 30 గంటలకి ఈ ఏడాది ఎంతవుతుందో అంత ఇవ్వాలి. వచ్చే ఏడాది ఎంతవుతుందో అంత ఇవ్వాలి. అవసరం మారనప్పుడు గంటలు మారడానికి వీల్లేదని చట్టంలోనే ఉండాలి.

చివరగా తేదీల సంగతి, చిన్నగా కనిపిస్తుంది కానీ సంస్థల్ని ముంచేది ఎక్కువగా ఇదే. కొత్త వేతనం ఫలానా నెల ఒకటో తారీకు నుంచి అని నెలల ముందే తెలుస్తుంది. ఆ తారీకు నుంచి ఒక్క రోజు ఆలస్యం చేసినా సంస్థ నేరం చేసినట్టే. కొత్త రేటు లేఖ మాత్రం ఆ తర్వాత రెండు నెలలకో మూడు నెలలకో వస్తుంది. మేం చూసిన ఒక సంస్థకి అలాగే ఆలస్యంగా వచ్చింది, అందులో ఈ నెల నుంచి వర్తిస్తుంది అని రాసి ఉంది, గడిచిన నెలల ఊసే లేదు. ఆ నెలల తేడా వాళ్లు ఎక్కడి నుంచో తెచ్చి కట్టారు, ఆ తర్వాతే మాకు ఫోన్ చేసి శనివారాలు కుదరవని చెప్పారు. వేతనం ప్రకటించిన రోజే రేటు ప్రకటించాలి. కుదరకపోతే మొదటి తారీకు నుంచి బకాయిలు కట్టాలి, వడ్డీతో సహా. జీతం తక్కువిచ్చిన యజమానికి బకాయిల మీద జరిమానా కూడా వేసే ప్రభుత్వం, తన ఆలస్యానికి వడ్డీ అయినా కట్టలేదా?